మానిటర్ ముందు కూర్చున్న పగలు

మా ఇంట్లో అప్పటికి టీవీ లేదు. మలేసియాలోని క్లాంగ్‌లో ఒక రెండంతస్తుల ఇంటి పై భాగం అద్దెకు తీసుకుని కాపురం పెట్టినప్పుడు ముందు పరుపు కొన్నాం, తరువాత ఫ్రిజ్ కొన్నాం. టీవీ వంతు వచ్చేలోపే మావారి ఆఫీసులో పాత కంప్యూటర్ మానిటర్లు తీసేస్తున్నారని తెలిసి, ఆయన ఒకటి అడిగి తెచ్చేశారు. ఇరవై ఏడు అంగుళాలది. కారు వెనక సీట్లో దుప్పటి చుట్టి పడుకోబెట్టి తెచ్చారు.

అది మామూలు టీవీలా రిమోటు నొక్కితే పలికేది కాదు. దానికి స్పీకర్లు లేవు. మాట వినపడాలంటే పక్కన గుండ్రటి చిన్న స్పీకరు పెట్టుకోవాలి. బొమ్మ రావాలంటే బల్ల కింద అరలో ఉన్న పాత ల్యాప్‌టాప్ నడవాలి. సినిమా మార్చాలంటే పీట మీద మౌస్ జరపాలి. మావారు వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని చేసేవారు. ఆ మీటింగుల కోసం తెర పైఅంచుకి ఒక కెమెరా తగిలించారు. మిగతా రోజుల్లో అదే మా టీవీ. కెమెరా అక్కడే ఉండేది. తీసి పెట్టాలని ఎవరికీ తోచలేదు.

కింద భాగంలో ఇంటి యజమానురాలు ఒక్కరే ఉండేవారు. అరవై ఐదు దాటిన మనిషి. బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటల్లో పుట్టి, పెళ్ళయి ఇక్కడికి వచ్చారు. ఆవిడ తాతలు శ్రీకాకుళం వైపు వాళ్ళు. చనిపోయిన భర్త తమిళాయన కావడంతో పిల్లలకి తమిళమే వచ్చు. తెలుగు మాట్లాడటానికి ఆవిడకి మేం దొరికాం. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మధ్యాహ్నాలు వెనక ఇనప మెట్లెక్కి వచ్చి మాతో పాటు పాత తెలుగు సినిమాలు చూసేవారు. మొదటిసారి మానిటర్ని చూసి, "ఇదేటి, ఆపీసు కంప్యూటర్ కదా లా. దీన్లో సినిమా వస్తాదేటి?" అన్నారు. మాట చివర లా అని చేర్చడం ఇక్కడివాళ్ళ వాడుక. అలవాటయ్యాక ఆవిడకీ అది టీవీయే అయిపోయింది.

ఆ సంవత్సరం మావారు ఇక్కడ ఉండి పనిచేయడానికిచ్చే వర్క్ పాస్, దానితో పాటు పాపదీ నాదీ డిపెండెంట్ పాసులూ పునరుద్ధరించాల్సి వచ్చింది. కాగితాల్లో ఏదో తేడా ఉందని రెండుసార్లు తిప్పి పంపారు. గడువుకి నాలుగు రోజుల ముందు పాసులు చేతికి వచ్చాయి. ఆ నెలన్నర రోజులూ మేం ఇంట్లో పెద్దగా నవ్వుకున్న గుర్తు లేదు. పాసులు వచ్చాక కూడా గేటు దగ్గర కారు ఆగితే నేను కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. భయం పోవడానికి టైం పడుతుంది అనుకున్నాను.

అలాంటి ఒక మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్ మోగింది. మావారు ఆఫీసుకు వెళ్ళారు. ఐదేళ్ళ పాపని రెండు వీధుల అవతల కిండర్‌గార్టెన్‌లో దిగబెట్టి వచ్చి, ఇడ్లీ పాత్ర కడుగుతున్నాను. ఫోన్‌లో ముందు రికార్డు చేసిన గొంతు, తరువాత ఒక ఆడమనిషి, తరువాత ఒక మగమనిషి. ఇంగ్లీషులో మాట్లాడాడు. నా పూర్తి పేరు చెప్పాడు. మావారి పేరు చెప్పాడు. మా పాసులు ఏ నెలలో వచ్చాయో చెప్పాడు. నా పాస్‌పోర్టుతో తీసుకున్న ఒక ఫోన్ నంబర్‌తో పెద్ద నేరం జరిగిందనీ, తాను పోలీసు అధికారిననీ, విచారణ అయ్యేవరకూ లైను కట్ చేస్తే పారిపోయినట్టే లెక్క అనీ అన్నాడు.

ఇలాంటి మోసాలున్నాయని నాకు తెలుసు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఊళ్ళో ఉన్న మా పిన్నికి, చెల్లెలికి ఇలాంటి ఫోన్లు ఎత్తకండని నేనే మెసేజీలు పంపాను. కానీ అతను పాసుల సంగతి ఎత్తగానే తెలిసినదంతా ఎటో పోయింది. నెలన్నర పాటు ఏ మాట వినకూడదని రోజూ దేవుడికి దండం పెట్టుకున్నానో ఆ మాటే అతని నోట వినబడింది. "మీ ముగ్గురి పాసులూ ఈ రోజే రద్దవుతాయి. నీ భర్తని ఆఫీసులోనే అదుపులోకి తీసుకుంటారు. పిల్లని ప్రభుత్వ సంరక్షణ కేంద్రంలో పెడతారు," అన్నాడు. చేతిలో సబ్బు నురగ అలాగే ఉండిపోయింది.

"నేనేం చేయలేదు సార్," అన్నాను.

"అయితే సహకరించు. నీ మొహం చూస్తూ మాట్లాడాలి. ఇంట్లో కంప్యూటర్ ఉందా? కెమెరా ఉందా?"

ఉందని చెప్పాను. పెద్ద తెర ఉందని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ అర్థం కాదు. అడిగినదానికి ఎక్కువే చెబితే మంచిదాన్ని అనుకుంటాడని కాబోలు.

అతను పంపిన లింకు ల్యాప్‌టాప్‌లో తెరిచాను. ముందురోజు మేం సినిమా చూసిన చోటే ముదురు నీలం యూనిఫాం వేసుకున్న మనిషి కనిపించాడు. వెనక గోడ మీద జెండా, పక్కన ఫైళ్ళు. అతని తల నా తలకంటే పెద్దది. గొంతు మాత్రం మూల ఉన్న గుండ్రటి స్పీకర్లోంచి వచ్చింది. నోరు ఒకచోట కదులుతుంటే మాట ఇంకోచోట పుడుతోంది. ఎటు చూడాలో తెలియలేదు.

కెమెరా తిప్పి గదంతా చూపించమన్నాడు. చూపించాను. తలుపు గడియ పెట్టమన్నాడు. పెట్టాను. ఫోన్ మోత ఆపి, బోర్లించి కెమెరాకి కనపడేలా బల్ల మీద పెట్టమన్నాడు. పాస్‌పోర్టులు మూడూ తెచ్చి పేజీ పేజీ తిప్పి చూపించమన్నాడు. పాప పాస్‌పోర్టు ఫోటోలో అది రెండేళ్ళ పిల్ల, తల కాస్త పక్కకి వాలి ఉంటుంది. ఆ పేజీ కెమెరాకి మరీ దగ్గరగా పెట్టాను, అక్షరాలు మసకబారాయి. మళ్ళీ సరిగ్గా పట్టుకోమన్నాడు.

"నువ్వు ఇప్పుడు నిఘాలో ఉన్నావు. కుర్చీలోంచి లేవాలంటే అడగాలి. ఎవరితోనైనా మాట్లాడితే, ముఖ్యంగా నీ భర్తతో, అతన్ని కూడా నేరంలో కలుపుతాం," అన్నాడు.

తరువాత చాలాసేపు అతను నాతో మాట్లాడలేదు. ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు. కొన్నిసార్లు లేచి వెళ్ళిపోయేవాడు. ఖాళీ కుర్చీ, జెండా మిగిలేవి. అతను లేనప్పుడు లేవొచ్చు కదా అని ఇప్పుడు అడిగేవాళ్ళున్నారు. అతను లేనప్పుడే ఎక్కువ భయం వేసింది. ఎప్పుడు వస్తాడో తెలియదు. వచ్చేసరికి నేను కుర్చీలో లేకపోతే ఏమవుతుందో తెలియదు. కెమెరా పక్కన ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. మంచినీళ్ళు తాగడానికి ఒకసారి, బాత్రూంకి ఒకసారి అనుమతి అడిగాను. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషిని, ఒక బిడ్డ తల్లిని, తెర ముందు చెయ్యెత్తి అడిగాను.

పదకొండు దాటాక అతను తల ఎత్తి చాలా మామూలుగా, "మీ పాప నీళ్ళ సీసా మర్చిపోయినట్టుందే," అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే భోజనాల బల్ల మీద పాప పసుపు రంగు సీసా ఉంది. తరువాత అతను పాప వెళ్ళే కిండర్‌గార్టెన్ పేరు చెప్పాడు. "మా వాళ్ళు ఆ వీధిలో ఉన్నారు. నువ్వు బాగా ఉంటే పాప కూడా బాగా ఉంటుంది."

కుర్చీ వీపు మీద పాప యూనిఫాం చొక్కా ఆరేసి ఉందనీ, దాని మీద బడి పేరు అచ్చువేసి ఉందనీ, అతను అది చదివాడంతేననీ నాకు మర్నాడు గానీ తట్టలేదు. ఆ క్షణంలో మాత్రం అతనికి తెలియనిది లేదనిపించింది. గోడ అవతల, వీధి చివర, బడి గేటు దగ్గర అతని మనుషులు నిలబడి ఉన్నట్టే కనిపించింది. ఏడవడానికి కూడా భయం వేసి నోటి లోపల చెంప కొరుక్కున్నాను.

పన్నెండున్నరకి పాపని తీసుకురావాలి. పన్నెండుంబావుకి అడిగాను.

"సార్, పాపని తీసుకొచ్చి వెంటనే కూర్చుంటాను. ఐదు నిమిషాలు."

"వద్దు."

"తను ఎదురు చూస్తుంది సార్. చిన్నపిల్ల."

"గేటు దాటితే అరెస్టు. నిర్ణయం నీది."

బల్ల మీద బోర్లించిన ఫోన్ వణకడం మొదలైంది. ఆగింది. మళ్ళీ వణికింది. బడి వాళ్ళే అయ్యుంటారు. దాన్నే చూస్తూ కూర్చున్నాను. గేటు దగ్గర పిల్లలందరూ వెళ్ళిపోయాక పాప ఒక్కతే బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఆ బొమ్మ తప్ప నా తలలో ఇంకేమీ లేదు. అయినా లేవలేదు.

ఒంటిగంట అవుతుండగా ఇనప మెట్ల మీద అడుగులు వినిపించాయి. రెండు జతలు, ఒకటి బరువుగా, ఒకటి గబగబా. బడి వాళ్ళు నేను ఎత్తకపోతే రెండో నంబర్‌గా ఇచ్చిన పెద్దమ్మకి ఫోన్ చేశారట. ఆవిడ ఎండలో నడిచి వెళ్ళి పాపని తెచ్చారు.

తలుపు తట్టారు. "అమ్మాయ్, తలుపు తీయమ్మా. పిల్లని మర్సిపోనావేటి?"

తెరలో అతను లేచి నిలబడ్డాడు. "ఎవరది? పంపించెయ్. ఒంట్లో బాగాలేదని చెప్పు."

తలుపు దాకా వెళ్ళడానికి కూడా అతను ఒప్పుకోలేదు. కుర్చీలోంచే గొంతు పెంచి, "నాకు జ్వరంగా ఉంది పెద్దమ్మా. పాపకి అంటుకుంటుంది. కాసేపు మీ దగ్గర ఉంచుకోండి," అన్నాను.

"జరమా? పొద్దున్న బాగానే ఉన్నావు కదా. మందేసుకున్నావేటి?"

"వేసుకున్నాను. మీరు వెళ్ళండి."

"అమ్మా, తలుపు తియ్యి," అంది పాప. చిన్న పిడికిలితో తలుపు కింది భాగాన కొట్టింది. "అమ్మా, నాకు దాహం."

తెరలో అతను వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. అడుగులు కిందికి దిగిపోయాయి. పాప ఏడుపు ఒక్కో మెట్టే దూరమవడం విన్నాను. నా జీవితంలో అంత చేతకానిదాన్ని ఎప్పుడూ కాలేదు.

"మంచిది," అన్నాడతను. "ఇప్పుడు బ్యాంకు వివరాలు చూద్దాం. కార్డు తీసుకురా."

కార్డు ఉన్న పర్సు పడకగదిలో ఉంది. నేను లేచాను. పర్సు తెచ్చి కూర్చున్నాను. జిప్పు తెరుస్తుండగా మళ్ళీ మెట్ల చప్పుడు. ఈసారి ఒక్క జతే. తాళంలో తాళంచెవి తిరిగింది. ఇంటావిడ దగ్గర మారు తాళంచెవి ఉంటుందన్నది నాకు గుర్తే లేదు. పై గడియ మాత్రం నేను సరిగ్గా పడనివ్వలేదేమో, లేక పాత తలుపు కాబట్టి భుజం ఆనించి నెడితే ఊడిందో, పెద్దమ్మ లోపలికి వచ్చేశారు.

ముందు తెర వైపు చూశారు. "టీవీ సూస్తా కూకున్నావేటి? జరమన్నావు," అన్నారు. అప్పుడు నా మొహం చూశారు. చేతిలో ఉన్న జావ గిన్నె నెమ్మదిగా బల్ల మీద పెట్టారు.

"ఏటమ్మా? ఏటైంది?"

తెరలో అతను ఇంగ్లీషులో గద్దించాడు. "ఆంటీ, ఇది పోలీసు విచారణ. బయటికి వెళ్ళండి. లేదంటే మీ మీద కూడా కేసు పెడతాం."

పెద్దమ్మ ఒక అడుగు వెనక్కి వేశారు. టీవీలో మనిషి తనని చూసి మాట్లాడటం ఆవిడకి అదే మొదటిసారి. చేతులు రెండూ కొంగు పట్టుకున్నాయి. ఆవిడ భయపడటం చూసి నాకున్న కొంచెం ధైర్యమూ పోయింది. కానీ ఆవిడ ఈ దేశంలో పుట్టిన మనిషి. యూనిఫాం కనపడితే మలయ్ భాషలో మర్యాదగా మాట్లాడటం ఆవిడకి చిన్నప్పటి అలవాటు. అలాగే తల కాస్త వంచి అడిగారు.

"ఎన్చిక్, దారి బలై మానా?"

అయ్యా, ఏ పోలీసు స్టేషన్ నుంచి అని. బలై అంటే ఇక్కడ స్టేషన్.

"ఇంగ్లీషులో మాట్లాడండి," అన్నాడు. పెద్దమ్మ మళ్ళీ మలయ్‌లోనే ఇంకేదో అడిగారు, ఇంకా మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు. అతను ఒకటి రెండు ముక్కలు పలికాడు. అవి బస్సు టికెట్టు కొనడానికి నాకు వచ్చిన ముక్కలకంటే ఎక్కువేం కాదు.

పెద్దమ్మ నా వైపు తిరిగారు. కొంగు వదిలేశారు.

"ఈడు పోలీసు కాదమ్మా. మలయ్ రాకుండా ఇక్కడ పోలీసెలా అవుతాడు లా? నివ్ లెగు."

నేను లేవలేదు. ఆవిడ తెర దగ్గరికి వెళ్ళి ఆపడానికి చుట్టూ బొత్తాం కోసం వెతికారు. దొరకలేదు. గోడ దగ్గరికి వెళ్ళి మానిటర్ ప్లగ్గు పట్టుకుని లాగేశారు.

తెర నల్లబడింది. మొహం పోయింది, జెండా పోయింది. పెద్దమ్మ ఊపిరి వదిలారు.

"కూర్చో," అంది మూలనున్న స్పీకరు. "ఎవరు ఆపమన్నారు? నువ్వు నాకు కనపడుతూనే ఉన్నావు."

పెద్దమ్మ కెవ్వుమనలేదు గానీ నా భుజం పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కారు. టీవీ ఆపితే మనిషి పోతాడని ఆవిడ అరవై ఏళ్ళ అనుభవం. ప్లగ్గు ఇంకా చేతిలోనే ఉంది. చీకటి తెరలోంచి ఆ గొంతు మా ఇద్దర్నీ చూస్తూ మాట్లాడుతూనే ఉంది. ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. పెద్దమ్మ పెదాలు కదిలాయి. ఏ దేవుణ్ణి తలుచుకున్నారో వినపడలేదు.

మానిటర్ ఒట్టి తెర అనీ, మనిషి ఉన్నది బల్ల కింద ల్యాప్‌టాప్‌లో అనీ ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే. అది తెలిసి కూడా ఎన్ని క్షణాలు కూర్చున్నానో చెప్పలేను. అతను అరెస్టు అంటున్నాడు, భర్త అంటున్నాడు, పాప అంటున్నాడు. పాప అన్న మాట విన్నాక నేను కుర్చీలోంచి కిందికి జారాను. లేచి కాదు, జారి, మోకాళ్ళ మీద బల్ల కిందికి పాకాను. ల్యాప్‌టాప్ బొత్తాం మీద బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను. అతను నా పేరు పిలుస్తున్నాడు. వేలు తెల్లబడేదాకా నొక్కాను. పేరు సగంలో ఆగిపోయింది. దాని లోపలి ఫ్యాను చప్పుడు ఆగింది. తల ఎత్తి చూస్తే పెద్దమ్మ కెమెరా మీద చేతిగుడ్డ కప్పి, అది ఎగిరిపోతుందేమో అన్నట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు.

"పోనాడా?" అన్నారు.

"పోయాడు పెద్దమ్మా."

బల్ల మీద ఫోన్ వెంటనే వణకడం మొదలైంది. ఆగకుండా వణికింది. ఆవిడే తీసి, దాన్ని ఆపడం తెలియక, బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టారు. కిందకి వెళ్ళేసరికి పాప ఆవిడ వంటగదిలో కూర్చుని అన్నం తింటోంది. నన్ను చూసి దగ్గరికి రాలేదు. పళ్ళెంలోకి చూస్తూ తింటూనే ఉంది.

పెద్దమ్మ ఫోన్‌లోంచి మావారికి కబురు చేశాం. ఆఫీసున్న షా ఆలం నుంచి గంటలోపే వచ్చారు. ఆయన ఆఫీసుకి ఎవరూ రాలేదు, ఎవరూ అరెస్టు చేయలేదు. మెట్ల మీద కూర్చుని చెప్పిందంతా విన్నారు. విన్నాక, "నువ్వు చదువుకున్నదానివి కదా," అన్నారు. తరువాత ఆ మాటకి చాలాసార్లు క్షమాపణ అడిగారు. కానీ ఆ మాట నాకు అతని బెదిరింపులన్నిటికంటే ఎక్కువ రోజులు వినపడింది.

సాయంత్రం నాలుగింటికి బలైకి వెళ్ళాం. వెళ్ళనని నేను కారులో కూర్చుండిపోయాను. అక్కడ నిజం యూనిఫాంలు ఉంటాయి. పెద్దమ్మ నా పక్కన వెనక సీట్లో కూర్చుని, "నానున్నాను కదా. నివ్ సెప్పు, నాను మలయ్‌లో సెప్తాను," అన్నారు. కౌంటర్ దగ్గర తలగుడ్డ కట్టుకున్న ఒక పోలీసమ్మాయి, నాకంటే చిన్నది, రాసుకుంది. నేను తెలుగులో చెప్పాను, పెద్దమ్మ మలయ్‌లో చెప్పారు, ఆ అమ్మాయి టైపు చేసింది. టైపు చేస్తూ ఒకసారి ఆగి నా ముందుకి నీళ్ళ గ్లాసు జరిపింది. ఈ వారంలో మీరు మొదటివాళ్ళు కాదు అందట. పాస్‌పోర్టుల సంగతి మీ రాయబార కార్యాలయంలో చెప్పండి, ఈ కాగితం దగ్గర పెట్టుకోండి అంది. ఆమె కళ్ళలోకి నేను ఒక్కసారి కూడా చూడలేకపోయాను.

పాస్‌పోర్టులు కొత్త నంబర్లతో తీసుకున్నాం. పాసులకి ఏమీ కాలేదు. ఆ మనిషి ఎవరో తెలియలేదు, దొరకలేదు. కొన్నాళ్ళు వేరే వేరే నంబర్ల నుంచి ఫోన్లు వచ్చి ఆగిపోయాయి. మావారు టీవీ కొందాం అన్నారు, కెమెరా లేనిది. కొన్నాం. కొత్త టీవీ ఎదురుగా కూర్చోవడం నాకు వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. అంతవరకూ గోడకి ఆనుకుని పక్కనించి చూసేదాన్ని. గదిలోకి వెళ్ళి జడ విప్పుకునేటప్పుడు కూడా ఎవరో ఉన్నారేమోనని మూలలు చూసేదాన్ని. ఇప్పటికీ తెలియని నంబర్ వస్తే ఫోన్ అక్కడే వదిలి పక్క గదిలోకి వెళ్ళిపోతాను.

ఆ పగటి గురించి పాప ఏమీ అడగలేదు. మర్చిపోయిందనుకున్నాం. దాదాపు ఏడాది తరువాత ఒక ఆదివారం తలంటి పోసి, మెట్ల మీద కూర్చోబెట్టి జుట్టు చిక్కు తీస్తుంటే అడిగింది.

"అమ్మా, ఆ రోజు తలుపు ఎందుకు తియ్యలేదు?"

దువ్వెన ఆగిపోయింది. అబద్ధం చెప్పాలనిపించింది. జ్వరం అని ఒకసారి చెప్పేశాను కాబట్టి మళ్ళీ చెప్పడం తేలికే.

"ఒక మనిషి నన్ను భయపెట్టాడు. తీస్తే నీకేమైనా చేస్తాడనుకున్నాను."

"నేను బయటే ఉన్నా కదా. నాకేమీ అవలేదు."

"అవును. నాకు అది తెలియలేదు."

కాళ్ళు ఊపుకుంటూ, "నాకు చాలా భయమేసింది. నువ్వు లోపల లేవనుకున్నా. నీ గొంతు వేరేగా ఉంది," అంది.

నేను దువ్వెన పక్కన పెట్టి వెనకనుంచి పట్టుకున్నాను. తడి జుట్టు నా జాకెట్టుని తడిపేసింది. నొప్పిగా ఉంది వదులు అనేదాకా వదల్లేదు. వదిలాక, చిక్కు ఇంకా చాలా ఉందమ్మా, తొందరగా తియ్యి అని అటు తిరిగి కూర్చుంది.